భార్యకో భర్తకో ఆందోళన జబ్బు ఉంటే: ఇంట్లోవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఆయనది ఆందోళన జబ్బు అని డాక్టర్ పేరు పెట్టి చెప్పి ఆరేళ్ళవుతోంది. అంతకుముందు నాలుగేళ్ళపాటు మేము దాన్ని గ్యాస్ అనుకున్నాం, ఆఫీసు టెన్షన్ అనుకున్నాం, నిద్ర చాలక అనుకున్నాం. ఆ తర్వాత బంధువుల్లోనో స్నేహితురాళ్ళలోనో ఎవరింట్లో ఇలాంటిది మొదలైనా నాకు ఫోన్ చేస్తున్నారు. వాళ్ళు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇక్కడ రాస్తున్నాను. నేను స్కూల్ టీచర్ని, డాక్టర్ని కాను. మందుల విషయం మీ డాక్టర్‌తోనే తేల్చుకోవాలి. ఇలాంటి మనిషితో ఒకే ఇంట్లో ఉంటూ, మనం కూడా బాగుండటం ఎలాగో మాత్రం అనుభవం మీద చెప్పగలను.

ఇది మామూలు టెన్షనా, జబ్బా? ఎలా తెలుస్తుంది?

టెన్షన్ అందరికీ ఉంటుంది. ఇంటి లోను, పిల్లల ఫీజులు, అమ్మాయి పెళ్ళి. పని అయిపోగానే దిగిపోతే దాని గురించి కంగారు పడక్కర్లేదు. ఒక భయం తీరగానే మనసు ఇంకొకటి వెతుక్కుంటుంటే, ఆపుకుందామన్నా ఆగకుండా ఆరు నెలలకు పైగా ఇదే నడుస్తుంటే, దాంతోపాటు నిద్ర పట్టకపోవడం, మెడ భుజాలు బిగుసుకుపోవడం, చిరాకు, ఏ పని మీదా మనసు నిలవకపోవడం ఉంటే అది డాక్టర్‌కి చూపించాల్సిన విషయం. దీన్నే జనరలైజ్డ్ యాంగ్జైటీ డిజార్డర్ అంటారు.

డాక్టర్లు జీఏడీ-7 అనే ఏడు ప్రశ్నల పట్టిక వాడతారు. గత రెండు వారాల్లో ఎలా ఉందో ఒక్కో ప్రశ్నకు 0 నుంచి 3 మార్కులు వేసుకోవాలి. మొత్తం 21కి 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే డాక్టర్‌ని కలవడం మంచిది. ఆ మార్కులు చూసి మీరే జబ్బు తేల్చేయకండి. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా ఇలాంటి లక్షణాలే కనిపిస్తాయి. మా ఆయనకు ముందు ఈసీజీ, థైరాయిడ్ పరీక్ష చేయించాకే మిగతా మాటలు మొదలయ్యాయి.

"ఏం కాదు, నేనున్నాను కదా" అని ఎన్నిసార్లు ధైర్యం చెప్పినా తగ్గడం లేదు. ఎందుకు?

నేను అన్నిటికన్నా ఆలస్యంగా నేర్చుకున్నది ఇదే, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

మా ఆయనకున్న పెద్ద భయం నాకేదో అవుతుందని. కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కగానే మెసేజ్ పెట్టాలి. మధ్యలో ఇంకొకటి. అమీర్‌పేటలో దిగగానే ఫోన్. స్కూల్లోకి అడుగు పెట్టాక మళ్ళీ ఫోన్. ఒకసారి స్టాఫ్ మీటింగ్‌లో ఫోన్ సైలెంట్‌లో ఉంచితే, బయటికి వచ్చేసరికి పదకొండు మిస్డ్ కాల్స్. అవన్నీ చేస్తే ఆయన ప్రశాంతంగా ఉంటారనుకుని, నేను రెండేళ్ళు ఒక్క మెసేజ్ కూడా తప్పకుండా పెట్టాను. మొదట్లో రెండు మెసేజ్‌లతో సరిపోయేది. రెండేళ్ళ తర్వాత ఏడెనిమిది పెట్టినా సరిపోలేదు.

డాక్టర్ అప్పుడు వివరించారు. భయం వచ్చినప్పుడు మన జవాబు వినగానే గుండె బరువు ఒక్కసారిగా దిగుతుంది. ఆ హాయిని మెదడు గుర్తుపెట్టుకుంటుంది. "అడిగాను కాబట్టే గండం గడిచింది" అని నేర్చుకుంటుంది. తర్వాతిసారి ఇంకా ముందుగా, ఇంకా గట్టిగా అడుగుతుంది. అడగకపోయినా ఏమీ జరగదని తెలుసుకునే అవకాశమే దానికి రాదు. ఆయన బదులు బ్యాంకుకు వెళ్ళడం, ఆయన వద్దన్న పెళ్ళికి మనమూ మానేయడం, లిఫ్ట్ అంటే భయమని ఐదంతస్తులు కలిసి ఎక్కడం, ఇవన్నీ అదే కోవలోకి వస్తాయి. ప్రేమతోనే చేస్తాం. కానీ తెలియకుండా భయానికి వంత పాడుతున్నాం.

అయితే ఇకనుంచి జవాబు చెప్పడం మానేయాలా?

ఒక్కసారిగా మానేయకండి. అది మొండితనంలా, కొన్నిసార్లు పగలా కనిపిస్తుంది. మేము చేసింది చెప్తాను.

మనసు కుదురుగా ఉన్న ఒక ఆదివారం పొద్దున కూర్చుని ఇద్దరం ఒప్పందం చేసుకున్నాం. ఈ "ఇద్దరం" అన్నది ముఖ్యం, ఆయనకు తెలియకుండా నేను పెట్టిన రూలు కాదు. మొదటి రెండు వారాలు ఎక్కినప్పుడు ఒక మెసేజ్, స్కూలు చేరాక ఒకటి. తర్వాత రెండు వారాలు చేరాక మాత్రమే. ఆ తర్వాత ఏదీ లేదు. మొదటి వారం చాలా కష్టంగా గడిచింది. ఆయన ఆఫీసులో రెండుసార్లు వాష్‌రూమ్‌కి వెళ్ళి కూర్చున్నారట. మూడో వారానికి కొంచెం సడలింది. భయం పెరిగి, కాసేపు నిలిచి, దానంతటదే దిగుతుందని ఆయన ఒంటికి అప్పుడే తెలిసింది. ఇంత పని ఇంట్లోవాళ్ళు సొంతంగా నెత్తిన వేసుకోకుండా, కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల్నీ అలవాట్లనీ మెల్లగా మార్చే మాటల వైద్యం) చేసే సైకాలజిస్ట్ సాయంతో చేస్తే మేలు.

మాట ఎలా ఉండాలంటే, ఒకసారి జవాబు చెప్పాక మళ్ళీ అదే అడిగితే నేను ఇలా అంటాను: "మీకు భయంగా ఉందని తెలుస్తోందండీ. ఇందాకే చెప్పాను, మళ్ళీ చెప్తే ఈ భయం ఇంకా పెరుగుతుంది. పక్కనే కూర్చుంటాను, కాసేపు చూద్దాం." అంతే. వాదించను.

"ఊరికే ఆలోచించకు" అనకండి. ఆపగలిగితే వాళ్ళే ఆపేవారు. "నీకేం తక్కువ?" అంటే భయానికి సిగ్గు తోడవుతుంది. "మగాడివై ఉండి" అన్న మాట మాత్రం దయచేసి ఏ ఇంట్లోనూ అనకండి. ఆ మాట మా మామయ్యగారు అన్న తర్వాత మా ఆయన ఏడాదిపాటు ఎవరికీ ఏమీ చెప్పలేదు.

ఉన్నట్టుండి గుండె దడ, చెమటలు, "చచ్చిపోతున్నాను" అంటారు. అప్పుడేం చేయాలి?

మొదటిసారి వస్తే అది గుండెపోటో, పానిక్ అటాకో (ఒక్కసారిగా ముంచుకొచ్చే తీవ్రమైన భయమో) ఇంట్లో తీర్మానించకండి. ఛాతీలో నొప్పి, అది చేతికో దవడకో పాకడం, స్పృహ తప్పడం, అప్పటికే బీపీ, షుగర్ ఉండటం, వీటిలో ఏది ఉన్నా 108కి ఫోన్ చేయండి. గ్యాస్ మాత్ర ఇచ్చి పడుకోబెట్టడం మన ఇళ్ళలో జరిగే పెద్ద పొరపాటు.

గుండె బాగుందని, ఇది పానిక్ అటాకే అని డాక్టర్ చెప్పి ఉంటే, మళ్ళీ వచ్చినప్పుడు గుర్తుంచుకోవాల్సింది ఒకటే. అది సాధారణంగా పది నిమిషాల్లోపు తారస్థాయికి చేరి, తర్వాత దిగడం మొదలుపెడుతుంది. జనం చుట్టూ మూగకుండా చూడండి. పక్కన కూర్చోండి, తక్కువ మాట్లాడండి. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా వదలమనండి. మీరూ వాళ్ళతో కలిసి చేస్తే తేలిక. కవర్ మూతికి పెట్టి ఊపిరి పీల్పించడం లాంటివి వద్దు. నొప్పి ఎప్పటిలా లేకుండా కొత్తగా ఉంటే మాత్రం ఆలోచించకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

మా ఆయనకు భయం కనపడదు, కోపమే కనపడుతుంది. ఇదీ ఆందోళనేనా?

కావచ్చు. భయపడుతున్నానని చెప్పుకోలేని మగవాళ్ళలో అది చాలాసార్లు చిరాకుగా బయటపడుతుంది. ఊరికి బయల్దేరే ముందు అరవడం, డబ్బు మాట ఎత్తగానే కస్సుమనడం మా ఇంట్లోనూ ఉండేవి. కారణం తెలిశాక నాకు ఆయన మీద జాలి కలిగింది. అయినా అరుపును ఒప్పుకోలేదు. "గొంతు తగ్గించి మాట్లాడితే వింటాను, లేకపోతే పక్క గదిలో ఉంటాను" అని చెప్పి నిజంగానే వెళ్ళిపోయేదాన్ని. తర్వాత తిరిగి వచ్చి మాట్లాడేదాన్ని కూడా.

చెయ్యి చేసుకోవడం, వస్తువులు విసరడం, ఫోన్ లాక్కుని చూడటం, పుట్టింటికి వెళ్ళనివ్వకపోవడం, జీతం మొత్తం తీసేసుకోవడం, వీటిని జబ్బు ఖాతాలో వేసి భరించకండి. అవి హింస. గృహహింస నుంచి రక్షణ చట్టం 2005లోనే వచ్చింది. మహిళల హెల్ప్‌లైన్ 181. జబ్బుకు వైద్యం, హింస నుంచి రక్షణ రెండూ వేరువేరుగా జరగాల్సిన పనులు.

డాక్టర్ దగ్గరికి రమ్మంటే "నేనేమైనా పిచ్చివాడినా?" అంటున్నారు.

మానసిక ఆసుపత్రి ఉందని "ఎర్రగడ్డ" అనే చోటి పేరునే తిట్టుగా వాడుకునే మనుషులం మనం. ఆ భయం ఒక్కరోజులో పోదు. సైకియాట్రిస్ట్ అన్న మాటతో మొదలుపెట్టకుండా, వాళ్ళను నిజంగా బాధపెడుతున్న దానితో మొదలుపెట్టండి. నిద్ర పట్టడం లేదు, కడుపులో మంట, ఆఫీసులో పని సాగడం లేదు. ముందు తెలిసిన జనరల్ డాక్టర్ దగ్గరికి వెళ్ళి, ఆయనే సైకియాట్రిస్ట్ దగ్గరికి పంపేలా చూడండి. మా ఆయన అలాగే ఒప్పుకున్నారు.

అది కూడా కుదరకపోతే టెలి మానస్‌కు ఫోన్ చేయండి. నంబర్ 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన ఉచిత సేవ, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. జబ్బు మనిషే చేయాలని లేదు, మీరూ చేయవచ్చు.

ఎవరిని కలవాలన్న అయోమయం కూడా ఉంటుంది. సైకియాట్రిస్ట్ మందులు రాయగల డాక్టర్. సైకాలజిస్ట్ మాటలతో, అభ్యాసాలతో థెరపీ చేస్తారు. కొందరికి ఒకటి చాలు, కొందరికి రెండూ కావాలి.

ఒక్కటి మాత్రం చేయకండి: మజ్జిగలోనో కాఫీలోనో మాత్రలు కలిపి ఇవ్వడం. తెలిసిన రోజున ఆ మనిషి మీ చేతి తిండిని కూడా నమ్మరు. అది ప్రమాదం కూడా.

మందులు మొదలుపెడితే జీవితాంతం వాడాలంటగా? అలవాటైపోతాయా?

రెండు రకాలున్నాయి, ఆ రెండూ కలిపి మాట్లాడటం వల్లే ఈ భయం. ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి రోజూ వేసుకునేవి. మద్యంలాగా వ్యసనం కావు. గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలో కడుపులో వికారం, కొంచెం ఎక్కువ గాబరా ఉండొచ్చు. చాలామంది అక్కడే మానేస్తారు. తగ్గాక కూడా మామూలుగా కొన్ని నెలలు కొనసాగించి, డాక్టర్ చెప్పినట్టు కొద్దికొద్దిగా తగ్గించాలి. ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, చిరాకు లాంటివి వస్తాయి.

ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్ లాంటివి వేరు. వెంటనే పనిచేస్తాయి, ఎక్కువ రోజులు వాడితే అలవాటవుతాయి. డాక్టర్ చెప్పిన రోజులే వాడాలి, మందుల షాపులో పాత చీటీ చూపించి తెచ్చుకోకూడదు, మద్యంతో అసలే కలపకూడదు. ఏళ్ళుగా వాడుతున్నవారు కూడా సొంతంగా హఠాత్తుగా మానేయకూడదు, ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉంది.

మాత్ర వేసుకున్నారా లేదా అని రోజూ కాపలా కాయడం నేను మానేశాను. వారం డబ్బా ఒకటి కొన్నాం, ఆదివారం ఆయనే నింపుకుంటారు.

అత్తగారికీ, మా వాళ్ళకీ చెప్పాలా?

ముందు మీ భాగస్వామిని అడగండి. వైద్యం సంగతి గోప్యంగా ఉంచుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో రాసి ఉంది. ఇంట్లో కూడా ఆ మర్యాద ఉండాలి. అదే సమయంలో మీరొక్కరే ఈ బరువు ఏళ్ళ తరబడి దాచుకోలేరు. మేము చెరో మనిషిని ఎంచుకున్నాం. వాళ్ళ వైపు మా ఆడపడుచు, మా వైపు మా అన్నయ్య. అందరికీ చెప్పినా సలహాలు ఎక్కువవుతాయి, ఎవరికీ చెప్పకపోతే అర్ధరాత్రి ఫోన్ చేయడానికి ఒక్కరూ ఉండరు.

మా అత్తయ్యగారికి తర్వాత తెలిసింది. "పెళ్ళికి ముందు నా కొడుక్కి ఏమీ లేదు" అన్నారు. ఆ మాట నాకు చాలాకాలం గుచ్చుకుంది. డాక్టర్ దగ్గరికి ఆవిడనూ తీసుకెళ్ళాం. ఇది ఒకరి వల్ల వచ్చేది కాదని, కుటుంబాల్లో కూడా నడుస్తుందని డాక్టర్ నోటనే విన్నారు. అప్పుడు తన తండ్రి కూడా రాత్రుళ్ళు వీధి తలుపు నాలుగైదుసార్లు చూసొచ్చేవారని ఆవిడే చెప్పారు.

దిష్టి తీయడం, తాయెత్తు, పూజలు?

మనసుకు నెమ్మదినిస్తే చేసుకోండి. మందు మాన్పించమన్నా, భయపెట్టినా, డబ్బు గుంజినా అక్కడి నుంచి లేచి రండి.

నాకే ఓపిక అయిపోయింది. ఆయన మీద కోపం వస్తోంది, తర్వాత బాధేస్తోంది. నేను చెడ్డదాన్నా?

కాదు. ఈ ప్రశ్న అడిగినవాళ్ళందరూ గొంతు తగ్గించే అడిగారు.

నా సంగతి చెప్తాను. ఒకరోజు ఐదో తరగతిలో ఒక పిల్లవాడు భిన్నాల లెక్కలో అదే సందేహం రెండోసారి అడిగాడు. నేను క్లాసంతా ఉలిక్కిపడేలా అరిచాను. వాడి ముఖం ఇప్పటికీ గుర్తుంది. ఇంట్లో ఒకే ప్రశ్నకు ఇరవైసార్లు మెత్తగా జవాబు చెప్పి, ఆ అలసటంతా ఒక పదేళ్ళవాడి మీద చూపించాను. ఆ సాయంత్రం మా ఫ్లాట్ మెట్ల మీద కూర్చుండిపోయాను. లోపలికి వెళ్ళాలనిపించలేదు. అప్పటికే నాలుగు నెలలుగా నాకు సరైన నిద్ర లేదు, బీపీ చూపించుకుంటే ఎక్కువగా ఉంది.

మన ఇళ్ళలో ఇలాంటప్పుడు భార్యకు దొరికే సలహా ఒక్కటే, "సర్దుకుపోవాలమ్మా". సర్దుకుని సర్దుకుని పడిపోయాక ఇద్దరు రోగులవుతారు. అది ఆయనకూ మేలు చేయదు.

నేను మార్చుకున్నవి పెద్దవేమీ కాదు. మొదటిది నిద్ర. వారంలో రెండు రాత్రులు పిల్లల గదిలో తలుపు వేసుకుని పడుకుంటాను. దీన్ని అలక అనుకోవద్దని ముందే చెప్పాను. ఎవరైనా చుట్టాలు ఉన్నప్పుడు ఏమనుకుంటారో అన్న సంకోచం నాకూ ఉండేది, పోయింది. రెండోది శనివారం సాయంత్రం రెండు గంటలు. స్నేహితురాలితో నడుస్తాను, ఒక్కోసారి ఊరికే పార్కులో కూర్చుంటాను. ఆ రెండు గంటలు ఆయన జబ్బు గురించి మాట్లాడను. మొదట్లో బయటికి వెళ్ళబోయే ముందే ఆయనకు గాబరా మొదలయ్యేది. నేను రెండుసార్లు ఆగిపోయాను, మూడోసారి వెళ్ళాను. వెళ్ళడమే మంచిదైంది. ఆయనా ఒంటరిగా ఆ రెండు గంటలు గడపగలనని తెలుసుకున్నారు.

మూడోది, నేనూ ఒక కౌన్సెలర్‌ని కలిశాను. ఐదారుసార్లే. ఆవిడ అడిగిన ఒక ప్రశ్న నాతో ఉండిపోయింది: "ఈ ఏడాది మీరు మీ కోసం ఏం వండుకున్నారు?" నాకు ఇష్టమైన గోంగూర పచ్చడి ఇంట్లో చేసి చాలాకాలమైందని అప్పుడు గుర్తొచ్చింది. ఆయనకు కడుపులో మంట అని మానేశాను.

రెండు వారాలకు పైగా దేని మీదా ఇష్టం లేకపోవడం, ఊరికే ఏడుపు రావడం, తిండి నిద్ర తప్పడం మీలో కనిపిస్తే మీకూ వైద్యం కావాలి. ఆయనకు తగ్గాక చూద్దాం అని వాయిదా వేయకండి.

పిల్లలకు ఏం చెప్పాలి?

చిన్నమాటల్లో నిజం చెప్పండి. "నాన్నకు గాబరా వచ్చే జబ్బు ఉంది. డాక్టర్ గారు చూస్తున్నారు. నీ వల్ల వచ్చింది కాదు." వాళ్ళు ఎక్కువగా అనుమానపడేది ఆ చివరి మాట గురించే. పిల్లల్ని కాపలాకూ, రాయబారానికీ వాడకండి.

నా భార్యకు ఉంది. ప్రసవం తర్వాత మొదలైంది. పుట్టింట్లో ఉంది, నేను దూరంగా ఉన్నాను.

బాలింతల్లో ఇది వస్తుంది, చాలాసార్లు ఎవరూ గుర్తించరు. బిడ్డ ఊపిరి తీసుకుంటోందా అని రాత్రంతా చూస్తూ కూర్చోవడం, బిడ్డ పడుకున్నా తను పడుకోలేకపోవడం కనిపిస్తే కాన్పు చేసిన డాక్టర్‌కే ముందు చెప్పండి. పాలిచ్చే తల్లులు వాడదగిన మందులున్నాయి. రోజూ ఫోన్లో "బాబు పాలు తాగాడా" అని అడిగే ముందు "నువ్వు ఎన్ని గంటలు పడుకున్నావు" అని అడగండి. వీలైతే సెలవు పెట్టి కొన్ని రాత్రులు బిడ్డను మీరు చూసుకోండి.

మేం అమెరికాలో ఉన్నాం. ఇక్కడ ఎవరూ లేరు.

హెచ్‌1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళకు ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజులే గడువు. అలాంటి భయాన్ని ఊహ అనలేం. దాన్ని రెండుగా విడదీయండి. లాయర్‌ని అడగాల్సినవి, పొదుపు లెక్కలు కాగితం మీద రాసి ఒక వేళ పెట్టుకుని చూడండి. మిగిలిన రోజంతా ఆగకుండా నడిచే ఆలోచనకు వైద్యం చేయించండి. సంక్షోభంలో 988 నంబర్ ఉంది. ఇంగ్లండ్‌లో అయితే ఎన్‌హెచ్‌ఎస్ టాకింగ్ థెరపీస్‌కు ఎవరికి వారే నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. డిపెండెంట్ వీసా మీద ఇంట్లోనే ఉండే భాగస్వామికి ఇరుగుపొరుగు పరిచయం కూడా మందంత ముఖ్యం.

ఖర్చు?

ప్రభుత్వ ఆసుపత్రులనే ముందు చూడండి. పెద్ద ప్రభుత్వ జనరల్ ఆసుపత్రుల్లో సైకియాట్రీ ఓపీ ఉంటుంది. హైదరాబాద్ ఎర్రగడ్డలో, విశాఖపట్నంలో ప్రత్యేక మానసిక ఆసుపత్రులున్నాయి. మిగతా జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని 2017 చట్టం చెప్తోంది. అయితే చాలా పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి కాబట్టి ఓపీ ఫీజు సంగతి ముందే అడగండి.

"ఇలా బతకడం కన్నా పోతే మేలు" అన్నారు. భయంగా ఉంది.

మాటవరసకన్నారని వదిలేయకండి. "చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలాగో ఆలోచించారా?" అని సూటిగా అడగండి. అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకండి. ఇంట్లో పురుగుమందు, ఎక్కువ మాత్రలు ఉంటే తీసేయండి. 14416కి గానీ, వెంటనే ప్రమాదం అనిపిస్తే 108, 112కి గానీ ఫోన్ చేయండి. ఆ రాత్రికి ఇంకో మనిషిని తోడు పిలవండి. ఎవరికీ చెప్పనని మాట ఇచ్చి ఉన్నా ఈ ఒక్క విషయంలో ఆ మాట తప్పండి.

పూర్తిగా తగ్గుతుందా? మళ్ళీ వస్తుందా?

చాలామందికి బాగా తగ్గుతుంది. కొందరికి ఒత్తిడి వచ్చినప్పుడు మళ్ళీ తల ఎత్తుతుంది. మా ఇంట్లో రెండుసార్లు ఎత్తింది, ఒకసారి మామయ్యగారు పోయినప్పుడు, ఒకసారి ఉద్యోగం మారినప్పుడు. మొదటిసారంత భయపడలేదు.

బాగున్న రోజుల్లోనే ఇద్దరం ఒక కాగితం రాసుకుని బీరువా తలుపు లోపల అంటించాం. మళ్ళీ మొదలవుతోందని చెప్పే ఆయన గుర్తులు: పొద్దున నడక మానేయడం, మూడో కాఫీ, పడుకునే ముందు ఫోన్లో జబ్బుల గురించి వెతకడం. నా గుర్తులు కూడా దాని కిందే ఉన్నాయి: శనివారం మానేయడం, మా అన్నయ్య ఫోన్ ఎత్తకపోవడం. అడుగున డాక్టర్ నంబర్. ఎవరి గుర్తు ఎవరికి ముందు కనిపించినా, మూడు రోజులు చూసి అపాయింట్‌మెంట్ తీసుకోవాలని రాసుకున్నాం. కిందటి ఆషాఢంలో ఆయనే నా గుర్తు చూసి, నా కోసం ఫోన్ చేశారు.